షిఫ్టువాళ్ళ రీలు

సామన్న తాగేవాడు కాదు. ముందు ఈ మాట తేలనివ్వండి, మిగతాది తర్వాత రాస్తాను.

పోయిన ఏడాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లో, పెరిగినవాళ్ళంతా అక్కడి కోరమండల్ పేటలో ఒక షామియానా కింద కలిశారు. బెంగళూరు నుంచి, హోసూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పాత రోజుల గురించి ఎవరికి తోచింది వాళ్ళు మైకులో చెప్పారు. మునిరత్నం కూడా లేచాడు. ఒకప్పుడు గనిలో దిగి పనిచేసినవాడు, ఇప్పుడు కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటున్నాడు.

"మన టాకీసులో ఆపరేటరు సామన్న ఉండె, గ్యాపకముందా?" అన్నాడు. "మత్తులో ఉంటే ఆయప్పకి ముందేదో ఎనకేదో తెలిసేది కాదు. సినిమా అంతా అయిపోయినాక మొదటి రీలు ఏసేటోడు! అదీ సగమే. సచ్చిపోయిన తల్లి మళ్ళా లేచి జాతరకు పోతాండాది, చూడప్పా మన కేజీఎఫ్ మహిమ!"

షామియానా అంతా నవ్వు. నవ్వినవాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆ టాకీసు హాల్లో కూర్చున్నవాళ్ళే.

నేను ఆ టాకీసులో ఇరవై ఏళ్ళకు పైగా ఆపరేటరుగా పనిచేశాను. సామన్న దగ్గర పని నేర్చుకున్నాను. చివర మొదటి రీలు వేయడం పొరపాటు కాదు, మత్తు అంతకన్నా కాదు. అదొక పద్ధతి. దాన్ని సగంలో ఆపడం అంతకన్నా పెద్ద పద్ధతి. ఆ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. దీప కోసం కూడా రాస్తున్నాను. దీప మా వీధి పిల్ల. మా మారికుప్పం స్టేషన్లో పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో ఒక మల్టీప్లెక్సులో ఆపరేటరు పనికి పోతుంది. "ఆంటీ, ఇప్పుడు సినిమా దానంతట అదే మొదలై అదే అయిపోతుంది. నేను చేసేది ఏమీ లేదు. మీరైనా ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. ఏం చేసేవాళ్ళమో చదువుకో తల్లీ.

పైకి ఎక్కడం

మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనికి వచ్చాడు. మా నాయన కూడా గనిలోనే. నేను బియ్యస్సీ ఫిజిక్స్ చదివాను. చదివి రెండేళ్ళు ఊరికే కూర్చున్నాక, టాకీసు ఓనరు నారాయణప్పకు ఆపరేటరు దొరకలేదని తెలిసి నేనే పోయి అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆడపిల్లవి. క్యాబిన్‌లో ఎండు వేడి. పొగ. చేస్తావా?"

"మా నాయన చేసే తావు కన్నా వేడా అన్నా?"

ఆయన పనిలో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవలేదు, 'బియ్యస్సీ' అనే పిలిచాడు. ఎగతాళిగానే అనుకోండి. ఆయన గురించి నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను: గొంతు పెద్దది, మనసు మరీ చిన్నది కాదు, క్షమించమని అడగడం మాత్రం పుట్టుకతో రాలేదు. అలాంటి పైవాళ్ళ దగ్గర పనిచేయడం కష్టం కాదు. తీయగా మాట్లాడి వెనక రాసిపెట్టేవాళ్ళ దగ్గరే కష్టం.

సామన్న అసలు పేరు ఆరోగ్యసామి. అరవవాడు. తెలుగు, కన్నడం మా అందరిలాగే కలిపి మాట్లాడేవాడు. మెడలో సిలువ, జేబులో దంతపు దువ్వెన, ఉతికిన తెల్ల చొక్కా. ప్రొజెక్టరు వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండే ఆ గదిలో తెల్ల చొక్కా తెల్లగానే ఉంచుకున్న మనిషిని తాగుబోతు అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

మొదటి వారం నన్ను ప్రొజెక్టరు ముట్టనివ్వలేదు. గోడకున్న చిన్న కంత దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"తెర చూస్తాండావా పాప్పా?"

"అవునన్నా."

"తెర యాడికీ పోదు. జనాల్ని చూడు."

దీపా, ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి మాట అది. కడ్డీల మధ్య ఎంత ఎడం ఉండాలి, రీలు మారే ముందు తెర మూలలో చుక్క ఎప్పుడు పడుతుంది, తెగిన ఫిల్మును గీకి ఫిల్ము సిమెంటు అనే జిగురుతో ఎలా అతకాలి, ఇవన్నీ ఆరు నెలల్లో వచ్చేశాయి. జనాన్ని చూడటం రావడానికి మూడేళ్ళు పట్టింది. అదీ ఒక ముసలమ్మ చేత చీవాట్లు తిన్నాకే.

సంగు ఊదాక వచ్చేవాళ్ళు

మా ఊళ్ళో గడియారం గోడ మీద ఉండేది కాదు. గని సైరన్‌ను మేం సంగు అనేవాళ్ళం. అన్నం, నిద్ర, పెళ్ళిచూపులు అన్నీ దాని లెక్కనే. పగటి షిఫ్టు అయిపోయిందని సంగు ఊదే వేళకే మా మ్యాట్నీ మొదలయ్యేది. కింద ఉన్నవాళ్ళు కేజీలో, అంటే గనిలోకి దించి ఎత్తే ఇనుప బోనులో, వంతులవారీగా పైకి రావాలి, స్నానం చేయాలి, సైకిలు తొక్కాలి. టాకీసుకు చేరేసరికి మొదటి రీలు అయిపోయేది.

"మ్యాట్నీ కొంచెం లేటుగా వేస్తే పోలా?" అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. సామన్న నవ్వాడు. "అట్లయితే మీ అమ్మ రాదు పాప్పా." నిజమే. లైన్ల ఆడవాళ్ళు వంట ముగించి వచ్చేవాళ్ళు, సాయంత్రం వీధి కొళాయిలో నీళ్ళు వచ్చే వేళకు బిందె పట్టుకుని నిలబడాల్సినవాళ్ళు. సినిమా ఆలస్యమైతే వాళ్ళకు నీళ్ళు లేవు. ముందే వేస్తే మగవాళ్ళకు సినిమా లేదు.

అందుకని సామన్న కంటే ముందున్న ఆపరేటరెవరో ఒక దారి కనిపెట్టాడు. సినిమా అయిపోయి ఆడవాళ్ళు నీళ్ళకు లేచిపోయాక, షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళ కోసం మొదటి రీలు మళ్ళీ వేయాలి. పేర్లు పడే భాగం వదిలేసి కథ నుంచి. దాని పేరే షిఫ్టువాళ్ళ రీలు.

దీనివల్ల మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకే సినిమాకు రెండు కథలుండేవి. అమ్మకు మొదటి నుంచి చివరికి. నాయనకు రెండో రీలుతో మొదలై మొదటి రీలుతో ముగింపు. మా అమ్మ సినిమాకు పోతే ఏడ్చుకుంటూ వచ్చేది. మా నాయన అదే ఆటకు పోయి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఎందుకంటే ఆ కాలంలో మొదటి రీలంటే ఏముంటుంది? చిన్నపిల్లలు, తల్లీ తండ్రీ, ఒక పాట, ఒక జాతర. జాతరలో పిల్లలు తప్పిపోవాలి, లేకపోతే మిగతా రీళ్ళకు పని లేదు. చచ్చినవాళ్ళంతా బతికి, ముసలివాళ్ళంతా పడుచువాళ్ళై, అందరూ ఒక్కచోట చేరి బొరుగులు తింటూ ఉండగా మా షిఫ్టువాళ్ళ సినిమా అయిపోయేది.

అందరూ ఒక్కచోట ఉండగా! పిల్లలు తప్పిపోయేవరకు సామన్న రీలును పోనిచ్చేవాడు కాదు.

కొత్త సినిమా వచ్చిన రోజు పొద్దున ఖాళీ హాల్లో మొదటి రీలు ఒక్కటే నడిపి చూసేవాడు. ఎక్కడ ఆపాలో చూసుకుని డబ్బా మూత మీద సుద్దముక్కతో ఒక్క మాట రాసేవాడు. 'ఊయల.' 'బండి.' 'పాయసం.' ఆ మాట దగ్గరికి రాగానే, కడ్డీల వెలుగుకూ ఫిల్ముకూ మధ్య ఉండే రేకును మెల్లగా దించేవాడు. పొద్దు గూకినట్టు తెర మసకబారేది. శబ్దం తగ్గేది. తర్వాతే మోటారు ఆపేవాడు. హాల్లో లైట్లు ఒక్కొక్కటే వేసేవాడు. కింద కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు నిమురుకుని లేచి సైకిళ్ళ దగ్గరికి పోయేవాళ్ళు.

నేను వేసుకున్న జగడం

నాకు అది నచ్చలేదు. బియ్యస్సీని కదా. మూడేళ్ళు ఆయనతో వాదించాను.

"అన్నా, రీలు రీలే. సగం ఏస్తే మోసం గదా."

"సగం గాదు పాప్పా. కావల్సినంత."

"ఎంత కావాలో నువ్వు చెప్తావా? సినిమా తీసినోడు చెప్తాడా?"

"తీసినోడు కింద దిగలేదు."

ఆ మాటతో వాదన ముగిసినట్టు బీడీ అంటించుకోవడానికి బయటికి పోయేవాడు. బీడీ తాగేవాడు, ఒప్పుకుంటాను. మునిరత్నం దాన్ని గురించి జోకు వేసి ఉంటే నేనూ నవ్వేదాన్ని.

నా దృష్టిలో అది ముసలాయన చాదస్తం. రీలులో ఆరేడు నిమిషాలు మిగుల్చుకుని తొందరగా బయటపడే ఉపాయమేమో అని కూడా ఒకరోజు మనసులో అనుకున్నాను. ఇంత కటువుగా రాయడం ఎందుకంటే, మునిరత్నాన్ని తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి.

ఆవని జాతరలో నా తప్పు

శివరాత్రికి ఆవని జాతర. ములబాగిలు పక్కనున్న ఆ కొండ కింద ఊరికి చుట్టుపక్కల పల్లెలన్నీ ఎడ్లతో సహా కదిలి వస్తాయి. రాగులు, మామిడి, పట్టుగూళ్ళు, పాలు, ఏది అమ్ముకుని బతికేవాళ్ళైనా ఆ నాలుగు రోజులు అమ్మరు, కొంటారు. కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లు, గాజుల మలారాలు, బత్తాసులు, రంగులరాట్నం, తేరు మీదికి అరటిపండ్లు విసిరే చేతులు. ఆ జాతరలో నారాయణప్ప సినిమా డేరా వేసేవాడు. ఆ ఏడు సామన్నకు జ్వరం. నారాయణప్ప నన్నొక్కదాన్నే పంపాడు. నా చేతి కింద మొదటి డేరా. ఎంత గర్వంగా పోయానో చెప్పలేను. ఇప్పుడు తలుచుకున్నా గర్వంగానే ఉంటుంది, అక్కడ జరిగింది చెప్పాక కూడా.

సినిమా అంతకుముందే మా టాకీసులో బాగా ఆడింది. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. జాతరలో తేరు వచ్చినప్పుడు జనం తోసుకుని చేతులు విడిపోతాయి. చివర్లో పెద్దకొడుకు ఒళ్ళో తల్లి ప్రాణం పోతుంది, చిన్నవాడు అప్పుడే వస్తాడు. మొదటి రీలు డబ్బా మీద సామన్న రాసిన మాట 'బుడగ'. తల్లి ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని రంగులరాట్నం కింద నిలబడి పైకి చూసి నవ్వుతుంటే, ఎర్ర బుడగ ఒకటి తెర మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. అది దాటగానే రేకు దించాలి. ఆ వెంటనే తేరు వస్తుంది.

పొద్దు వాలాక మొదటి ఆట వేశాను. డేరాలో ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు రీలుకూ లైటు వేసి ఆపాలి. జనం దానికి అలవాటుపడ్డవాళ్ళే. సినిమా అయిపోయింది. డేరా అంతా ముక్కులు చీదుతోంది. లేచి ఇసుక దులుపుకుంటున్నారు. నా చేతులు మాత్రం మూడేళ్ళ అలవాటున మొదటి రీలు డబ్బా తెరిచి ఫిల్ము ఎక్కించేశాయి. అక్కడ షిఫ్టు లేదు, సంగు లేదు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. తెర మీద వెలుగు పడ్డాక గానీ నాకు ఆ సంగతి తట్టలేదు.

చచ్చిపోయిన తల్లి తెర మీద నడుస్తూ వచ్చింది.

"ఒరే ఒరే, కూకోండ్రా! లేచొచ్చింది!" అని ఎవరో అరిచారు. డేరా అంతా మళ్ళీ ఇసుకలో కూలబడింది. శివరాత్రి పూట చనిపోయిన తల్లి లేచి రావడం! ఒకాయన తలపాగా తీసి దండం పెట్టాడు. బయట జాతర, లోపల తెర మీద జాతర. ఏ రాట్నం చప్పుడు ఎక్కడిదో తెలియడం లేదు.

బుడగ వచ్చింది. నా చేయి రేకు మీదే ఉంది. అప్పుడు నాకొక పొగరు పుట్టింది. ఇక్కడ సామన్న లేడు, రీలును రీలుగా ఆడిస్తాను, అనుకున్నాను. చేయి తీసేశాను.

బుడగ దాటింది. తేరు వచ్చింది. చేతులు విడిపోయాయి. "అమ్మా" అన్న పిల్లవాడి కేకతో రీలు అయిపోయి తెర తెల్లబడింది.

కంతలోంచి చూశాను. మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా బయటికి పోతున్నారు.

ఒక అవ్వ మాత్రం బయటికి పోకుండా నా రేకుల గది దగ్గరికి వచ్చింది. చెరో చేతిలో ఒక మనవరాలు. పిల్లల మణికట్లు ఎంత గట్టిగా పట్టుకుందంటే వాళ్ళు మూలుగుతున్నారు.

"ఏమ్మే, నువ్వేనా దీన్ని ఆడిచ్చేది?"

"నేనే అవ్వా."

"సచ్చినామె లేచి వచ్చిందని మేము సంబరపడతా ఉంటిమి. కలిపినావు గదా? మళ్ళా యాల ఇడదీసినావు?"

"కథే అంత అవ్వా. నేనేం చేసేది?"

"కత నీ చేతిలోనే గదే తిరగతా ఉండాది! ఆపుకోలేవా?"

రీలు తీసి డబ్బాలో పెట్టబోయాను. అవ్వ వదల్లేదు.

"ఇప్పుడు ఈ బిడ్డల్ని తీసుకోని ఆ జనంలో పోవల్ల నేను," అని తేరు వైపు చూపించింది. "భయం పెట్టి పంపిచ్చినావే తల్లీ."

పిల్లల్ని దగ్గరికి లాక్కుని జనంలోకి పోయింది. కనపడినంత దూరం చూశాను. ఒక్కసారి కూడా పిల్లల చేతులు వదల్లేదు, బొరుగుల అంగడి దగ్గర కూడా.

'తీసినోడు కింద దిగలేదు' అన్న సామన్న మాట అప్పుడు అర్థమైంది. గని నుంచి పైకి వచ్చిన మనిషి మర్నాడు పొద్దున మళ్ళీ కేజీలో దిగాలి. ఇంటివాళ్ళ చేయి వదిలి దిగాలి. ఏ రోజు ఏ బండ ఎక్కడ పగులుతుందో తెలియని చోటికి. అలాంటివాడిని విడిపోయిన చేతులు చూపించి ఇంటికి పంపకూడదు. మా నాయన ఈల వేసుకుంటూ ఇంటికి రావడం వెనుక ఒక మనిషి చేయి ఉందని నాకు ఇరవై అయిదేళ్ళు నిండాక తెలిసింది.

కాలిన బొమ్మ

జాతర అయ్యాక అదే ప్రింటును మా టాకీసులో ఇంకో వారం ఆడించారు. తిరిగి వచ్చిన రోజు సామన్నకు అంతా చెప్పాను. "ఈపొద్దు షిఫ్టువాళ్ళ రీలు నువ్వే ఆపు," అన్నాడు.

ఆపాను. ఎంత ఆత్రంగా ఆపానంటే, రేకు దించే ముందే మోటారు కట్టేశాను. కదలని ఫిల్ము మీద ఆ వెలుగు పడితే ఏమవుతుంది? తెర మీద తల్లి నవ్వు గోధుమరంగై, బొబ్బ లేచి, తెల్లటి చిల్లు పడింది. కింద నుంచి ఈలలు. సామన్న ఒక్క దూకులో వచ్చి రేకు దించాడు.

ఆ పని చేసేవాళ్ళు మొదటి రోజే నేర్చుకునే సూత్రం అది: ముందు రేకు, తర్వాత మోటారు. అన్నీ తెలుసనుకున్న మూడో ఏట తప్పాను. కాలిన ముక్క కోసి, గీకి, సిమెంటు పూసి అతికాను. మూడు నాలుగు బొమ్మలు పోయాయి, అంతే. తెర మీద చూస్తే తెలియదు. వేలితో తడిమితే తెలుస్తుంది.

తడిమేవాడు ఆ వారమే వచ్చాడు.

ప్రింటు పంపిన డిస్ట్రిబ్యూటరు తరపు మనిషి, సఫారీ సూటు వేసుకుని, రీళ్ళు చూసిపోవడానికి వచ్చాడు. మొదటి రీలును వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోయి అతుకు దగ్గర ఆగాడు. డబ్బా మూత మీద 'బుడగ' అని సుద్దతో రాసి ఉండటం చూశాడు. ఆయనకు కథ తయారైపోయింది.

"గుర్తు పెట్టుకుని మరీ కోశారే! ఎవరికి అమ్మారు?" అన్నాడు. అప్పట్లో రీలు ముక్కలు కోసి అమ్ముకునే ఆపరేటర్లు లేకపోలేదు. "ఈ మనిషి తాగుతాడని కూడా విన్నాను. రీళ్ళు వెనకా ముందూ వేస్తాడట."

అదిగో, మునిరత్నం జోకు పుట్టినచోటు అది. సఫారీ సూటు ఎక్కడ విన్నాడో, విననే లేదో నాకు తెలియదు. ఆ మాట మాత్రం ఆ గది నుంచి టీ అంగడికి, టీ అంగడి నుంచి లైన్లలోకి పోయింది. నిజం ఆ గదిలోనే ఉండిపోయింది.

నారాయణప్ప సామన్న వైపు చూశాడు. "ఏమప్పా?"

"నేనే కోసినా సామీ. కాలిపాయ, అతికినా," అన్నాడు సామన్న. చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"అబద్ధం!" అన్నాను. "కాల్చింది నేను. అతికింది నేను. అమ్మడానికి మిగిలింది మసి."

"ఆ పిల్ల నన్ను కాపాడల్ల అని చెప్తాండాది."

"నేను ఎవర్నీ కాపాడను, నాకంత మంచితనం లేదు. అతుకు చూడండి. సామన్న అతికితే వేలికి తెలస్తాదా? ఇంత వంకరగా అతికేది ఈ టాకీసులో నేనొక్కదాన్నే."

నారాయణప్ప రీలు తీసుకుని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. సఫారీ సూటు మాత్రం సామన్నను పంపేయాల్సిందేనని, లేకపోతే ఇక ప్రింట్లు రావని అన్నాడు. చివరికి నారాయణప్ప తన పెద్ద గొంతుతో తీర్పు చెప్పాడు: "మనిషిని పంపను. షిఫ్టువాళ్ళ రీలు ఈరోజుతో బంద్. ఆ సరసం ఉంటేనే గదా ఇంత రామాయణం. సామన్నా, మాట ఇయ్యి."

సామన్న మాట ఇచ్చాడు. సఫారీ సూటు బెంగళూరు రైలెక్కాడు.

ఎవరూ లేవని మ్యాట్నీ

మర్నాడు మ్యాట్నీ. సంగు ఊదింది. మొదటి రీలు అయ్యాక షిఫ్టువాళ్ళు వచ్చారు, తడి జుట్లతో. సినిమా ముగిసింది. ఆడవాళ్ళు నీళ్ళకు లేచిపోయారు. సామన్న హాల్లో లైట్లన్నీ వేసేశాడు.

ఎవరూ లేవలేదు.

కంతలోంచి చూశాను. అరవడం లేదు, ఈలలు లేవు, కుర్చీలు కొట్టడం లేదు. మా నాయన అయిదో వరసలో ఉన్నాడు. మునిరత్నం మూడో వరసలో. నిండు వెలుగులో ఖాళీ తెర చూస్తూ కూర్చున్నారు. కేజీ కోసం వంతు కాచుకునేవాళ్ళు ఎలా కూర్చుంటారో అలా. వెనక బాల్కనీలో నారాయణప్ప నిలబడి ఉన్నాడు.

"అన్నా," అన్నాను.

"నేను ముట్టను పాప్పా. మాట ఇచ్చినా." స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"నువ్వు ఇచ్చినావు. నన్ను ఎవరూ అడగలేదు గదా."

డబ్బా తెరిచాను. ఫిల్ము ఎక్కించాను. లైట్లు ఆర్పాను.

తల్లి వచ్చింది. పిల్లలు వచ్చారు. పాట. రాట్నం. సామన్న తెర వైపు చూడటం లేదు, నా చేతి వైపు చూస్తున్నాడు. ఎర్ర బుడగ తెర ఈ కొసన కనపడింది. నేను ఒక్క క్షణం ఆవని అవ్వ చేతుల్ని తలుచుకున్నాను. బుడగ ఆ కొస దాటింది. రేకు దించాను. మెల్లగా. తల్లి నవ్వు మీద పొద్దు గూకింది. శబ్దం తగ్గించాను. ఆ తర్వాత, ఆ తర్వాతే, మోటారు కట్టాను. లైట్లు ఒక్కొక్కటే.

కింద మోకాళ్ళు నిమురుకుని లేచారు. మా నాయన ప్యాంటుకు సైకిల్ క్లిప్పు పెట్టుకుని, ఈల వేసుకుంటూ బయటికి నడిచాడు. పైన ఉన్నది తన కూతురేనని తెలిసి కూడా తల ఎత్తి చూడలేదు. మెచ్చుకోవడం మా వంశంలో లేదు.

నారాయణప్ప మెట్లెక్కి వచ్చాడు. పని పోయినట్టే అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి హాలు వైపే చూస్తూ అన్నాడు: "ఏమ్మా బియ్యస్సీ. రేపటి నుంచి ఫస్ట్ షో పది నిమిషాలు లేటని బోర్డు రాయించు."

అంతే. సంగతి ఎవరో చేరవేయడంతో ఆ డిస్ట్రిబ్యూటరు ప్రింట్లు మాకు ఆర్నెల్లు రాలేదు, తర్వాత వచ్చాయి. షిఫ్టువాళ్ళ రీలు గనులు మూసే రోజు వరకు నడిచింది. సంగు ఆగిపోయాక ఆలస్యంగా వచ్చేవాళ్ళే లేరు, కాబట్టి దాన్ని ఎవరూ ఆపాల్సిన పని రాలేదు. సామన్న పోయాడు. తర్వాత టాకీసూ మూతపడింది. నేను ఇంటికి వచ్చాను. ఈ చేతులతో ఒక్క డబ్బా మీద కూడా మాట తప్పు రాయలేదు, ఆవని తర్వాత ఒక్క తల్లి చేయి కూడా విడిపోనివ్వలేదు. ప్రమోషను అంటే నాకు అదే.

దీపా, నీ మిషను దానంతట అదే మొదలవుతుందేమో. అయినా నీ గదికీ ఒక కిటికీ ఉంటుంది. అక్కడ నిలబడి కింద ఎవరున్నారో చూడు. సినిమా అయ్యాక వాళ్ళు ఎక్కడికి పోవాలో ఆలోచించు. మిగతాది నీ చేతికే తెలుస్తుంది.

మునిరత్నానికి, మిగతావాళ్ళకు

ఆ రోజు షామియానాలో భోజనాల దగ్గర మునిరత్నాన్ని పట్టుకున్నాను.

"ఏమప్పా, సామన్న తాగడం నువ్వు కళ్ళారా చూసినావా?"

"జోకు గదమ్మా వసంతా. ఆయప్ప యాడుండాడు ఇప్పుడు, బాధపడేకి?"

"నేను ఉండా గదా. లైట్లు ఏసినా ఎవరూ లేవని పొద్దు, నువ్వు మూడో వరసలో ఉంటివి."

"ఉంటి."

"రీలు యాడ ఆగిందో చెప్పు."

గరిటె అన్నంలో అలాగే ఆగింది. "ఆగిందా? అయిపాయ గదా రీలు? రాట్నం కాడ నవ్వతా ఉంటారు, అయిపోతాది." నా మొహం చూడకుండా అన్నం వడ్డించుకున్నాడు. నిజంగానే తెలియదో, తెలిసి దాటేశాడో, మనుషుల్ని చూడటమే వృత్తిగా బతికిన నాకు కూడా అంతుపట్టలేదు.

మా ఇంట్లో కూడా అలాంటిదే జరిగింది. మా అమ్మ ఆ సినిమా గురించి చెబుతూ "తేరు కాడ పిలకాయలు తప్పిపోతారు గదా" అంటే, మా నాయన "నేను చూసిన దాంట్లో ముగ్గురూ నవ్వతా ఉండారు" అని మళ్ళీ అదే మాట అనేవాడు. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. ఆయన ఉండగా అడగాల్సింది. అడగలేదు.

అందుకే ఇప్పుడు మూడో వరస, అయిదో వరస, అన్ని వరసలవాళ్ళనూ అడుగుతున్నాను. మీకు తెలియకపోతే మా పని అంత బాగా కుదిరిందని అనుకుంటాను, మీ జోకును కూడా మన్నిస్తాను. తెలిసి ఉంటే మాత్రం సామన్న పేరు మీరే కడగాలి, అదే మైకులో. చెప్పండి: తేరు రాకముందే మేం రేకు దించేస్తున్నామని, మీ కోసమే దించుతున్నామని, ఆ చీకట్లో కూర్చున్న మీకు తెలుసా, తెలియదా?